అమ్మను దాటిపోయిన పళ్ళెం

పాస్టర్ యోనా చేతిలోని పళ్ళెం మా నాయనమ్మ ముందు ఆగింది. ఆమె రొట్టె ముక్క తీసుకుంది. తర్వాత ఆగాల్సింది మా అమ్మ ఎలీశమ్మ ముందు. అమ్మ అప్పటికే తలమీద కొంగు సర్దుకొని రెండు చేతులూ చాపి ఉంది. పాస్టరయ్య ఆ చేతుల వైపు చూడలేదు. ఒక అడుగు పక్కకు వేసి అవతల కూర్చున్న సాలమ్మ ముందు వంగాడు. మందిరంలో పాట ఆగలేదు. ఆడవాళ్ల చాపల వరుస చివరిదాకా పళ్ళెం వెళ్లింది. వెనకాలే ద్రాక్షరసం వెళ్లింది, అదీ అమ్మను దాటుకొనే వెళ్లింది. చాపిన చేతులను ఆమె వెనక్కి తీసుకోలేదు. చివరి ప్రార్థన అయి అందరూ లేచేదాకా అవి అట్లాగే ఉన్నాయి. ఆ వారం చాపలు మడిచే వంతు మా ఇంటిది. అమ్మ వాటిని ఒక్కొక్కటే బయటికి తెచ్చి దులిపింది, మడిచి మూలకు పెట్టింది, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది.

ఆ మందిరం తెలియనివాళ్లకు ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల ఉండేది. పాస్టరయ్య భార్య మరియమ్మ గోధుమపిండితో ఉప్పులేని రొట్టె కాల్చేది. ఆ రొట్టెను విరిచి అందరూ తలా ఒక ముక్క తినడమే బల్ల. ఆ ఉదయం మా వాడ మొత్తం ఉతికిన బట్టల వాసన వచ్చేది. మిగిలిన రోజుల్లో మా వాళ్లకు ఊళ్లో ఎవరి గడపలోనూ కూర్చొని తినే చోటు లేదు. భూస్వామి పటేల్ ఇంటి వెనక కొట్టం దగ్గర దూరం నుంచి అన్నం వేస్తే ఆకులో పట్టుకొనేవారు. ఒకే పళ్ళెంలోంచి పక్కపక్కన కూర్చొని తిన్నది ఆ ఒక్క మందిరంలోనే. అట్లాంటి చోట, అందరూ చూస్తుండగా, ఒక మనిషిని దాటి పళ్ళెం వెళ్లిపోవడం అంటే ఏమిటో ఆ రోజు అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. మగవాళ్ల వరుసలో కూర్చొని అంతా చూశాను.

ఇన్నేళ్ల తర్వాత ఇది రాయడానికి కారణం ఒక ఫోను. ఇబ్రహీంపట్నాన్ని ఆనుకొని ఉన్న మా వాడ మందిరానికి ఇప్పుడు శామ్యూల్ అనే యువకుడు పాస్టర్. పాత మందిరం తీసేసి కొత్తది కడుతున్నామనీ, ఆ సందర్భంగా వేసే సంచికకు మందిరం చరిత్ర రాసిపెట్టాలనీ అడిగాడు. "మీరు పేపర్ల పనిచేసినోళ్లు గదన్నా, రెండు పేజీలు రాస్తే సాలు" అన్నాడు. మన్నెగూడ దాటినప్పటి నుంచి రెండు పక్కలా ప్లాట్ల బోర్డులు చూసుకుంటూ వెళ్లాను. చెరువు నీళ్లతో వరి పండిన పొలాల్లో హద్దురాళ్లు పాతి ఉన్నాయి. మందిరానికి ఒక వైపు టైల్సు దుకాణం, ఇంకో వైపు కంపెనీ బస్సులు ఆగే స్థలం. శామ్యూల్ భార్య ఆదిభట్లలో ఉద్యోగం చేస్తుంది, ఆ బస్సులోనే దిగి వచ్చి నాకు టీ పెట్టింది. పాత రాతిగోడల మధ్య కూర్చొని టీ తాగుతూ ఏం రాయాలా అని ఆలోచించాను. కట్టినవాళ్ల పేర్లు రాయవచ్చు, పనిచేసిన పాస్టర్ల పేర్లు రాయవచ్చు. ఆ ఆదివారం సంగతి రాయకపోతే మాత్రం అది చరిత్ర కాదు. రాస్తే వాళ్లు అచ్చువెయ్యరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా బాపుకు రెండు పేర్లు. మందిరం పుస్తకంలో దానియేలు, కూలి సంఘంలో యాదన్న. బాప్తిస్మం చిన్నప్పుడు వాళ్ల నాయన ఇప్పించింది. పెద్దయ్యాక ఆయన మందిరం గడప తొక్కలేదు. పగలు పటేల్ పొలంలో పని, పొద్దుగూకే వేళ మా అరుగు మీద సంఘం పాఠం. చింతగింజలు పరిచి చెప్పేవాడు. ఇన్ని గింజలు నీ పని, ఇందులో ఇన్ని నీ కూలి, మిగిలినవి ఎటు పోయినయో చెప్పు అనేవాడు. బీడీ పొగ, కందిలి కిరసనాయిలు వాసన, లోపల నుంచి గంజి వార్చిన ఆవిరి, ఈ మూడూ కలిసిన వాసనే నాకు మార్క్సిజం అనగానే ఇప్పటికీ గుర్తొచ్చేది. అదే వేళ లోపల అమ్మ పొయ్యి ముందు కూర్చొని వాక్యం పైకి చదువుకొనేది. ఆమెకు అక్షరాలు నేర్పింది మందిరమే. బయట బాపు గొంతు పెరిగితే లోపల అమ్మ గొంతు పెరిగేది. మధ్యలో కూర్చున్న నాయనమ్మ ఇద్దరినీ విసుక్కొనేది. ఆమె బాప్తిస్మం తీసుకొని కూడా బోనాలప్పుడు పోచమ్మకు కల్లు ధారపోసి వచ్చేది. "అందరు దేవుండ్లు మనోళ్లే. ఎవల మర్యాద వాళ్లకు జెయ్యాలె" అనేది.

పొయ్యి పక్క గూట్లో రెండు కుండలు ఉండేవి. మా క్రైస్తవ ఇండ్లలో ఒక అలవాటు ఉంది. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తుంది. శనివారం ఆ కుండను మందిరానికి తీసుకుపోతారు. అది దేవునికి ఇచ్చిందే అయినా వండుకొని తినేది పాస్టరయ్య ఇంటివాళ్లు. ఆయనకు జీతం లేదు. మిషను నుంచి వచ్చే సాయం ఎప్పుడో ఆగిపోయింది. ఆ పిడికెళ్లే ఆయన కూలి. బాపు ఈ ఏర్పాటును మెచ్చుకొనేవాడు, అసూయపడేవాడు కూడా. ఒకరోజు అమ్మతో అన్నాడు, "ఆయనకు పెడ్తున్నవు గద, మా సంఘానికి గూడ ఒక పిడికెడు తియ్యరాదు?" అమ్మ, "దేవునికి కుడిచేతితోని తీస్త. మీకు ఎడమచేతితోని. గది సాలు" అంది. బాపు నవ్వాడు. "మాది ఎడమదిక్కే, గదే తియ్యి." అట్లా గూట్లోకి చిన్న కుండ వచ్చింది. మా వాడలో చాలా ఇండ్లలో వచ్చింది.

పాస్టర్ యోనా, బాపు స్నేహితులు. ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు. ఆయన సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, సైకిల్ క్యారియర్‌కు గొడుగు కట్టుకొని తిరిగేవాడు. సాయంత్రం మా అరుగు ముందు సైకిల్ ఆపి, పాఠం అయ్యేదాకా నిలబడి విని, అందరూ వెళ్లాక కూర్చొనేవాడు. ఆయన బాపును సంఘం పేరుతో ఎప్పుడూ పిలవలేదు.

"దానియేలూ, మీ రాజ్యం ఒచ్చినంక గూడ మనిషి సస్తడు గదా. అప్పుడు ఆ మనిషికి ఏం జెప్తవు?"

"సచ్చినోని సంగతి నువ్వు సూసుకో అయ్యగారూ. బతికున్నోని కూలి సంగతి నేను సూస్త. ఇద్దరం ఒకల పనిల ఒకలం ఏలు పెట్టొద్దు."

"అట్ల పంచుకునేటందుకు మనిషి రెండు ముక్కలు గాడు."

"సరే, నేనొకటి అడుగుత. మీ మొదటి విశ్వాసులు ఉన్నదంత ఒక్కకాడ పెట్టి, అక్కర ఉన్నోనికి అక్కరకొద్ది ఇచ్చిండ్రని నువ్వే జెప్పినవు. మాకంటె ముందుగాల మీరే మొదలువెట్టిండ్రు. మరి నడుమ ఎందుకు ఇడిసిపెట్టిండ్రు?"

"మనిషిల పాపం ఉన్నది గనుక."

"పాపం గాదయ్యగారూ, పట్టా ఉన్నది గనుక."

పాస్టరయ్య నవ్వి టీ గ్లాసు కింద పెట్టేవాడు. కానీ ఆ చివరి మాట ఆయనకు ఎక్కడ తగులుతుందో బాపుకు తెలుసు. మందిరం ఉన్న జాగా పటేల్ తండ్రి నోటిమాటతో ఇచ్చింది. దానికి కాగితం లేదు.

ఆ ఏడు వరి కోతకొచ్చినప్పుడు కూలి పెంచాలని సంఘం పని బంద్ పెట్టింది. పటేల్ పక్క ఊళ్ల నుంచి మనుషుల్ని తెప్పించాలని చూశాడు, వాళ్లు మా వాళ్లను చూసి వెనక్కి పోయారు. కొద్దిరోజుల్లోనే ఇండ్లలో గింజ నిండుకుంది. మా ఇంటి ముందర ఖాళీ జాగాలో సంఘం గంజి కేంద్రం పెట్టారు. ఇండ్లలోని చిన్న కుండలన్నీ తెచ్చి ఒక పెద్ద గుండిగలో కాచి పిల్లలకు పోసేవారు. ఒక శుక్రవారం అమ్మ కట్టెలకు పోయినప్పుడు సంఘం ఆడవాళ్లు గంపతో బియ్యానికి వచ్చారు. ఇంట్లో నాయనమ్మ ఒక్కతే ఉంది. ఆమెకు అప్పటికే చూపు సరిగ్గా ఆనదు. గూట్లో చెయ్యి పెట్టి, దొరికిన రెండు కుండలూ తెచ్చి గంపలో గుమ్మరించింది. అమ్మ తిరిగొచ్చి గూడు చూసి కట్టెలమోపు అక్కడే పడేసింది.

"అత్తా, పెద్దకుండల బియ్యమేవి?"

"సంఘపోళ్లు ఒస్తె పోసిన."

"గవి దేవునియి గదత్తా!"

"దేవుని బియ్యానికి దేవుడే కావలుంటడనుకున్న. ఎవలు ఆపకపోయిరి మరి."

అమ్మ గంజి కేంద్రం దగ్గరికి పరుగెత్తింది. నేనూ వెనక వెళ్లాను. అప్పటికే బియ్యం మరుగుతున్న నీళ్లలో ఉంది. అందరి పిడికెళ్లూ కలిసిపోయి ఉన్నాయి. దేవునిది ఏదో, సంఘానిది ఏదో ఏరడానికి లేదు. చుట్టూ పిల్లలు గిన్నెలు పట్టుకొని కూర్చున్నారు. అమ్మ కొంగు నడుముకు దోపి గరిటె అందుకుంది. "మీద మీద కలిపితె అడుగంటుతది, ఇటియ్యి" అంది అక్కడున్నామెతో. మరునాడు శనివారం. వాడలోని ఆడవాళ్లు తమ పెద్ద కుండలు పట్టుకొని మందిరం వైపు పోవాల్సినవాళ్లు, మా ఇంటి ముందు ఆగి అమ్మ ముఖం చూశారు. ఆమె గుండిగ మూత తీసింది. ఒకరి వెనక ఒకరు తమ దేవుని కుండలు అందులోనే వంచారు.

ఆ శనివారం మందిరానికి ఒక్క పిడికెడూ చేరలేదు. తర్వాతి శనివారమూ అంతే. పాస్టరయ్య ఇంట్లోనూ పిల్లలున్నారు. ఈ సంగతి ఆ సమ్మె వేడిలో ఎవరికీ తట్టలేదు, అమ్మకు తప్ప. ఆమె నన్ను వెంటబెట్టుకొని ఆయన ఇంటికి వెళ్లింది. లోపల మరియమ్మ ఏదో ఆకుకూర ఉడకేస్తున్న వాసన వస్తున్నది, అన్నం వాసన లేదు.

"అయ్యగారూ, మీ ఇంటికి రావాల్సిన బియ్యం నేనే ఒండిన" అంది అమ్మ. "పిల్లగాండ్లను తీస్కొని మీరు గూడ రాండ్రి. అందరితోని కూసొని తినుండ్రి. అది గూడ బల్లనే గదా."

పాస్టరయ్య తలుపు దగ్గరికి వేశాడు. "నేను ఒచ్చి గాడ కూసుంటె పటేల్ చూస్తడమ్మా. రేపు మందిరం జాగల నాగలి కడ్తడు. నేనొక్కన్ని గాదు, మీరందరు ప్రార్థన జేసుకునే చోటు పోతది."

"మరి పిల్లలు?"

ఆ రోజే మధ్యాహ్నం మరియమ్మ పిల్లల చేతికి గిన్నెలిచ్చి పంపించింది. వాళ్లు వరుసలో కూర్చున్నారు, అమ్మ గంజి పోసింది. ఆ సాయంత్రం నుంచి పాస్టరయ్య సైకిల్ మా అరుగు ముందు ఆగలేదు. పటేల్ మనిషి మందిరం పెద్దల దగ్గరికి వచ్చి వెళ్లాడని తర్వాత తెలిసింది. ఏం చెప్పి వెళ్లాడో తెలియదు. మొదటి ఆదివారం పళ్ళెం అమ్మను దాటిపోయింది.

ఆ మధ్యాహ్నం బాపు నన్ను తీసుకొని పాస్టరయ్య దగ్గరికి పోయాడు. మందిరం గడప తొక్కని మనిషి, దాని అరుగు మీద చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"నేను నమ్మను, నీకు ఎరుకే. ఆమె నమ్ముతది. ఆమె ముందటి రొట్టె గుంజుకోకు అయ్యగారూ."

"నువ్వు నమ్మనిదాని కోసం నన్ను బతిలాడుతున్నవా దానియేలూ?"

"ఆకలి ఆమెది గద. నాకు లేదని ఆమెకు లేకుంటదా?"

పాస్టరయ్య కళ్లు తుడుచుకున్నాడు. పెద్దలు పట్టుబట్టారనీ, మొదలుపెట్టింది అమ్మే గనుక ఆమెనొక్కదాన్నే ఆపమన్నారనీ, దేవునికి తీసినదాన్ని వెనక్కి తీసుకోవడం తప్పు కిందికే వస్తుందనీ చెప్పాడు. దారి కూడా ఆయనే చూపించాడు. "ముసలామె సూపానక పోసింది. నాకు తెలుసు. గా ముక్క పెద్దల ముందట ఎలీశమ్మ జెప్తె సాలు, పొరపాటైందని. ఒచ్చే నెల నా చేత్తోని ఇస్త."

బాపు ఆ మాట మోసుకొచ్చి అమ్మకు చెప్పాడు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతున్నది, చేయి ఆపలేదు. "మొదటి దినం పొరపాటే. రెండో దినం నేను మూత తీసిన, గది పొరపాటు గాదు. తప్పయిందని నేను జెప్తె, గా పిల్లలు తిన్నది తప్పు తిండి అయితది. అందుల అయ్యగారి పిల్లలు గూడ ఉన్నరు. నేను జెప్ప."

ఈ వార్త సంఘానికీ చేరింది. పట్నం నుంచి వచ్చిన నాయకుడొకాయన దీన్ని మీటింగులో చెప్పాలని ఉబలాటపడ్డాడు. మతం ఎవరి వైపు ఉంటుందో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదన్నాడు. అమ్మ గుమ్మంలోంచే అంది, "నాకు నా దేవునితోని ఉన్న లొల్లి మీ మైకుల ఎందుకన్నా? మీ కూలి లొల్లి మీరు జెప్పుకోన్రి." నాయకుడు బాపు వైపు చూశాడు, ఆయన బీడీ చూసుకుంటూ కూర్చున్నాడు. సమ్మె చివరికి అడిగినదానిలో సగానికి రాజీ అయింది. బాపు మళ్లీ అరుగు మీద పాఠాలు మొదలుపెట్టాడు. చింతగింజల పాఠం చెప్పాడు, పట్టా పాఠం చెప్పాడు. మతం గురించిన పాఠం మాత్రం ఇంకెవరినైనా పిలిపించి చెప్పించుకొమ్మన్నాడు.

అమ్మ మందిరం మానలేదు. ప్రతి ఆదివారం వెళ్లింది, అదే చాప మీద కూర్చుంది, మొదటి ఆదివారం చేతులు ఒడిలో పెట్టుకుంది. పాస్టర్ యోనా బదిలీ అయి వెళ్లే ముందు ఒక సాయంత్రం ఇంటికి వచ్చాడు. చేతిరుమాలులో రొట్టె తెచ్చాడు. ఇక్కడే ప్రార్థన చేసి ఇస్తాను అన్నాడు. "అందరి ముందట ఆపితిరి, అయ్యగారూ. అందరి ముందట ఇయ్యిండ్రి. ఆ గంజి తప్పు గాదని ఒక్క మాట జెప్పి ఇయ్యిండ్రి" అంది అమ్మ. ఆయన రుమాలు మళ్లీ కట్టుకొని వెళ్లిపోయాడు. అప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, అందరికంటే తక్కువ కాగితం, తక్కువ కూలి ఉన్న మనిషి ఆయనే అనిపిస్తుంది. ఆయన కూలి అడగడానికి ఏ సంఘమూ లేదు.

పత్రికలో చేరాక, మార్క్సిజానికీ క్రైస్తవ దైవశాస్త్రానికీ ఉన్న సంబంధం మీద నగరంలో జరిగిన ఒక సదస్సు వార్త రాయడానికి వెళ్లాను. రెండూ పేదవాని వైపు నిలబడ్డవేనని ఒకరు అన్నారు. ఒకటి ఆకాశం చూపిస్తే ఒకటి నేల చూపిస్తుందని ఇంకొకరు అన్నారు. అందరూ బాగా మాట్లాడారు, వార్త కూడా బాగానే వచ్చింది. కానీ మా ఇంట్లో ఆ రెంటికీ మధ్య తగువు ఆకాశం దగ్గర రాలేదు. ఒకే పిడికెడు బియ్యం రెండు న్యాయమైన కడుపులకు బాకీ పడ్డప్పుడు వచ్చింది. దాన్ని తీర్చే సూత్రం బాపు పాఠాల్లోనూ లేదు, పాస్టరయ్య ప్రసంగాల్లోనూ లేదు. అమ్మ చెప్పిన మార్గం ఒక్కటే ఉండింది, అందరూ వచ్చి ఒక్కచోట కూర్చోవడం. దానికి ఆయన రాలేకపోయాడు. పిలవాల్సిందని సంఘంలో ఇంకెవరికీ తోచలేదు. ఇప్పుడు వరి కోయడానికి యంత్రం వస్తుంది. వాడ ఆడవాళ్లు ఆటోల్లో ఆదిభట్ల ఆఫీసులు ఊడవడానికి పోతారు. వాళ్ల కూలి ఎవరు నిర్ణయిస్తారో వాళ్లకు తెలియదు, అడగడానికి పటేల్ గడప కూడా లేదు. అరుగు మీద పాఠం చెప్పేవాళ్లు లేరు. మందిరంలో కానుకకు గోడమీద ఫోనుతో స్కాన్ చేసే చీటీ అంటించి ఉంది. పాస్టర్‌కు నెల జీతం ఉంది. అప్పటికంటే అందరూ కడుపునిండా తింటున్నారు, అది చిన్న మాట కాదు. ఒకరి వంట గురించి ఒకరు ఆందోళన పడాల్సిన అవసరం మాత్రం పోయింది.

బాపు పోయాడు, చివరిదాకా నమ్మకుండానే. అమ్మ నగరంలో మా దగ్గరే ఉంటుంది, ఇప్పటిదాకా మళ్లీ బల్ల తీసుకోలేదు. ఆమెకు ఎనభై దాటాయి. శామ్యూల్ అడిగిన చరిత్ర గురించి చెప్పినప్పుడు ఆమె ఏదీ దాచొద్దంది. నేను జరిగిందంతా శామ్యూల్‌కు చెప్పాను. అతను, "ఒచ్చే ఆదివారమే అమ్మకు బల్ల ఇస్తనన్నా" అన్నాడు. అమ్మ షరతు కూడా చెప్పాను. నిజాయితీగా దాన్ని మందిరం కమిటీ ముందు పెట్టాడు, నన్నూ పిలిచాడు. కమిటీలో ఒక పెద్దాయన అన్నాడు, "ఆమెకు బల్ల ఇయ్యొద్దని మేమంటలేము. గప్పుడు మందిరం పెద్దలు జేసింది తప్పని మందిరంల నిలబడి సదవాల్నంటె ఎట్లన్నా? జాగ రిజిస్ట్రేషన్ జేస్తనని పటేల్ మనుమడు ఒప్పుకున్నడు. గాయినే పునాదిరాయి ఏస్తున్నడు. గది కానియ్యి ముందుగాల." కాసేపటికి ఆయనే, నా వైపు చూడకుండా, "గా గంజి నేను గూడ తాగిన" అన్నాడు.

పునాదిరాయి పడింది. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. అమ్మ విషయం మాట్లాడే మీటింగు దాని తర్వాత అన్నారు, తేదీ వెయ్యలేదు.